మైకు వెనక మూతి

ఇది ఒక మహాసంగ్రామ గాథ. ఇందులో నిండు సభ ఉంది. సభలో కళ్ళెర్రజేసిన పెద్దలున్నారు. పరువు పోగొట్టుకుని ఏడాది పాటు తల దించుకు తిరిగిన వీరుడున్నాడు. అతన్ని మళ్ళీ అదే సభకు రప్పించడానికి పన్నిన కుట్ర ఉంది. తల్లి కన్నీరుంది. చివరికి సముద్రం కూడా ఉంది.

అంత లేదు. సూరత్‌లో మా నేతపనివాళ్ళ కులసంఘం ఏటా మార్కండేయ జయంతి చేస్తుంది. ఆ సాయంత్రం పిల్లల పాటలకీ పెద్దల ఉపన్యాసాలకీ మధ్య మైకు ముందు నిలబడి, నాలుగు జోకులు వేసి, తర్వాత ఎవరొస్తారో చెప్పేవాడొకడు కావాలి. ఆ ఒకడు నేను. పెద్దల కళ్ళు ఎర్రగా ఉన్నది రాత్రి పాళీ చేసి, పగలు నిద్ర చాలక వచ్చినందుకు. తల్లి కన్నీరు ఉల్లిగడ్డలది. సముద్రం నిజమే, అది ఊరి బయట డుమస్‌లో ఉంటుంది, నా కోసం ఏమీ చేయలేదు. కుట్ర సంగతి మాత్రం నేనింకా పూర్తిగా కొట్టిపారేయను.

ముందు పోయినేడాది ఏం జరిగిందో చెప్పాలి. అప్పటిదాకా సూరత్ శివార్లలోని వడోద్‌లో మా గల్లీకి నేను అధికారిక జోకర్‌ని. చాయ్ బండి దగ్గర, సరుకుల దుకాణంలో, చివరికి చావింట్లో కూడా, ఎవరో ఒకరు నా పక్కన చేరి మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. వీడు ముగ్గురి మధ్య ఇంత చెబితే మూడువందల మంది ముందు ఇంకెంత చెబుతాడోనని సంఘం వాళ్ళు లెక్కేసుకున్నారు. కూరలో ఉప్పు బాగుందని ఉప్పునే వడ్డించినట్టు.

హాలు రెండో అంతస్తులో. కింద పడుగు నూలు చుట్టిన బీముల గోదాము. ముందు వరసల్లో మగవైపు అంతా జీవితం మొత్తం సాంచాల మధ్య గడిపినవాళ్ళు. సాంచా అంటే మరమగ్గం. వెనక వరసల్లో బ్యాంకుల్లో, రైల్వేలో పనిచేసే తెలుగు కుటుంబాలు, అతిథులు. నేను స్టాండులోంచి మైకు లాక్కున్నాను, రెండు చేతుల మధ్యా దాన్ని ఇరికించి దండం పెట్టాను, "నమస్తే" అన్నాను.

అప్పుడు చూశాను. ముందు వరస మొత్తం నా మూతి వంక చూస్తోంది.

కళ్ళలోకి కాదు, చొక్కా వంక కాదు, మూతి వంక. మనిషి ఎదుటి మనిషి కళ్ళలోకి చూస్తాడు. గిట్టకపోతే గోడ వైపు చూస్తాడు. మూతి వంక చూసేవాడికి ఏదో ఉద్దేశం ఉండి తీరాలి. నాకు పైవరసలో పన్ను మీద పన్ను ఉంది. అది అదృష్టమని అమ్మ అంటుంది. అదృష్టాన్ని ఇంతమంది ఒకేసారి అంత తేరిపార చూడటం నేనెక్కడా చూడలేదు. మెల్లగా మైకును పైకి జరిపి పంటిని కప్పేశాను. పన్నుతో పాటు గొంతు కూడా కప్పబడింది. పెదాలు కదులుతున్నాయి, లోపలినుంచి సరుకు రావడం లేదు. అలా కొంతసేపు గడిచాక మళ్ళీ దండం పెట్టి దిగిపోయాను.

వాళ్ళు చప్పట్లు కొట్టారు. అది అన్నిటికన్నా అనుమానాస్పదం.

మర్నాటినుంచి గల్లీలో వింత మొదలైంది. నేను కనబడితే చాలు, పెద్దవాళ్ళు నోరు తెరవకుండా రెండు చేతులూ జోడిస్తున్నారు. పాలు పోయించుకునే దగ్గర ఒకాయన, పాన్ డబ్బా దగ్గర ఇంకొకాయన, స్కూటర్ మీద పోతూ హ్యాండిల్ వదిలేసి మరీ ఒకాయన. వెక్కిరింపని నాకు అర్థమైపోయింది. మా చెల్లెకు కూడా అర్థమైంది, కానీ ఆమెకు సంతోషం ఎక్కువైంది.

"అన్నా, నువ్వు పెద్ద మహరాజ్ అయిపోయినవ్ రా. అందరూ దండం పెడ్తున్నరు. ఇంక ఒక గద్దె ఏసుకోని కూసో, నేను ప్రసాద్ అమ్ముత."

ఏడాది పాటు నేను వెనక గల్లీలోంచి పనికి వెళ్ళాను. వెనక గల్లీలో మురికి కాలువ ఉంది, కుక్కలున్నాయి. అవి కనీసం చేతులు జోడించవు.

పైకి నవ్వుకున్నా లోపల ఒకటే ముల్లు. మొదటిసారి నోరు పడిపోతే దాన్ని తడబాటంటారు. రెండోసారి పడిపోతే స్వభావమంటారు. నేను జనం ముందు నిలబడి మాట్లాడగలిగేవాడినా, లేక ముగ్గురి మధ్య మాత్రమే బతికే కప్పనా? దీనికి జవాబు తెలుసుకోవాలని ఉంది. తెలుసుకోకుండా ఉంటే ఇంకా బాగుండునని కూడా ఉంది.

ఈ ఏడు జయంతి దగ్గరపడుతుండగా ఒక ఆదివారం పొద్దున సంఘం అధ్యక్షుడు మా ఇంటికొచ్చాడు. పెద్దాయన. మా బాపు కన్నా పెద్ద, అయినా అందరూ కాకా, అంటే చిన్నాన్న, అనే పిలుస్తారు. నేను అటకమీదికి ఎక్కేలోపు గుమ్మంలోకి వచ్చేశాడు.

"ఏం బిడ్డా, గీసారి గూడ నువ్వే."

"కాకా, పోయినేడు చూసిండ్రు గద."

"చూసినం. అందుకే."

ఆ "అందుకే" నాకు అస్సలు నచ్చలేదు. చావుదెబ్బ తిన్నవాణ్ణి మళ్ళీ పిలుస్తున్నారంటే వాళ్ళకు మొదటి చావులో మజా వచ్చిందన్నమాట. నేను లోపల ఈ లెక్క వేస్తుండగా ఆయన ఇంకో మాటన్నాడు.

"జర లేసి నిలవడు."

నిలబడ్డాను.

"గట్ల గూని వెట్టకు. సక్కగ నిలవడు."

నేను పొడుగు. మా ఇంట్లో అందరూ సాంచా ఎత్తులో ఆగిపోయారు, నేనొక్కణ్ణే ఎవర్నీ అడక్కుండా పెరిగాను. పొడుగువాడు ఎక్కడ నిలబడ్డా కనబడతాడు, అందుకని చిన్నప్పటినుంచీ వంగి నడవడం అలవాటు. నిటారుగా నిలబడేసరికి పెద్దాయన అరచెయ్యి తన తలమీద ఆనించుకుని, దాన్ని అలాగే గాల్లో జరుపుకుంటూ వచ్చి నా గడ్డం కింద ఆపాడు. సంతృప్తిగా తల పంకించాడు.

"ఎంతుంటవ్ ఎత్తు?"

ఉల్లిగడ్డలు కోస్తున్న అమ్మ కత్తితో సహా బయటికొచ్చింది. "ఎత్తెందుకన్నా?"

"ఊకనే చెల్లె," అని ఆయన చాయ్ తాగి వెళ్ళిపోయాడు.

తలుపు పడగానే ఇంట్లో దర్యాప్తు మొదలైంది.

"ఊకనే ఎవలు అడుగుతరు ఎత్తు? పిల్లనిద్దామనే అడుగుతరు," అంది అమ్మ. కళ్ళలో నీళ్ళు. ఉల్లిగడ్డలవే, కానీ సందర్భానికి సరిపోయాయి. "ఆయన మరదలికి బిడ్డున్నది గద. ఉధనాల ఉంటరు. ఆ పిల్ల గూడ పొడుగే."

"లేకుంటే పోలీస్ భర్తీల అడుగుతరు," అంది చెల్లె. "అన్నను చూస్తే పోలీస్ అయ్యేటట్టు లేడు. కనీసం దొంగలెక్కనన్న లేడు."

నా అనుమానం వేరే. గడ్డం కింద చెయ్యిపెట్టి కొలవడం నేను మేకల సంతలో చూశాను.

ఇదంతా బాపు మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. చూస్తున్నాడు అని కావాలనే రాస్తున్నాను. బాపు చెవులు సాంచాల దగ్గరే వదిలేసి వచ్చాడు. రెండూ కాదు, ఒకటిన్నర. మిగిలిన సగం చెవితో హారన్లు, ఉరుములు వింటాడు. మనుషుల మాటలు మాత్రం మూతి చూసి అందుకుంటాడు. ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా వెలుతురులో నిలబడి, మెల్లగా, నోరు నిండా తెరిచి, చేతులు కూడా కలిపి మాట్లాడాలి. మా ఇంట్లో కరెంటు పోతే మాటలు కూడా పోతాయి. చిన్నప్పుడు కంచంలోకి చూస్తూ ఏదైనా చెబితే బాపు రెండు వేళ్ళు నా గడ్డం కింద పెట్టి మొహం పైకెత్తేవాడు. అంతే, తిట్టేవాడు కాదు. "మళ్ళ చెప్పు" అని దానర్థం. ఇది మాకెంత మామూలంటే, వేరేవాళ్ళ ఇళ్ళలో వీపులు తిప్పుకుని మాట్లాడుకోవడం చూసి నేను చాలాకాలం వాళ్ళకు పడదనుకున్నాను.

"పో, చెప్పు," అన్నాడు బాపు.

నేను ఆయనకు ఎదురుగా తిరిగాను. "ఏం చెప్పాలె బాపూ?"

"నాకేం ఎరుక? నీ జోకులు నేనెప్పుడన్న ఇన్ననా?"

నిజమే. వినలేదు. నా జోకు పక్కవాడి చెవిలో పడేది, గొంతు తగ్గించి, గబగబా, ఇంకోవైపు చూస్తూ. అది నా శైలి అనుకునేవాణ్ణి. గల్లీ అంతా నవ్విన మాటలు, నేను పుట్టిన ఇంట్లో ఒక మనిషికి అసలు చేరనే లేదు.

"గీసారి ముంగట్నే కూసుంట," అన్నాడు బాపు.

ఇది ప్రోత్సాహమా, బెదిరింపా అని అడిగే ధైర్యం లేక ఒప్పుకున్నాను.

నాకు మాటలు రావని కాదు. రింగ్ రోడ్డు మార్కెట్‌లో ఒక చీరల దుకాణంలో నా పని మాట్లాడటమే. కరీంనగర్ నుంచి కర్నూలు దాకా చీరల షాపులవాళ్ళకు ఫోన్ చేసి, కొత్త సరుకు గురించి చెప్పి, ఆర్డర్ తెస్తాను. ఫోన్‌లో నేను పులిని. "అక్కా, ఈ రంగు చీర మీ షాపు ముంగట వేలాడదీస్తే బస్సు ఆగుతది" అంటాను. వాళ్ళు పగలబడి నవ్వి పెట్టె బుక్ చేస్తారు. మా సేఠ్‌కు తెలుగు రాదు. నేను నవ్విస్తున్నానా, దుకాణం మీద జోకులేస్తున్నానా అని ఆయనకూ అనుమానమే. ఫోన్‌లో సౌకర్యం ఏమిటంటే, అవతలివాళ్ళకు మన మూతి కనబడదు.

అందుకని సాధన కోసం మూతిని ఎవరూ పట్టించుకోని చోటుకు పోవాలనుకున్నాను. డుమస్‌కు పోయాను. అక్కడి ఇసుక నల్లగా ఉంటుంది, నీళ్ళు చాయ్ రంగులో ఉంటాయి, సముద్రం చాలాసార్లు దూరంగా వెనక్కి జరిగి ఉంటుంది, మనతో సంబంధం లేనట్టు. నాకది మొదటినుంచీ అనుమానమే, కానీ ప్రేక్షకుల్లో మొదటి వరస అలాగే ఉంటుంది కదా అని సర్దుకున్నాను. దానికెదురుగా నిలబడి జోకులు మొదలుపెట్టాను. గాలికి మాటలు నాకే వినబడటం లేదు. చేతులు ఊపాను. వంగాను, లేచాను, "నమస్తే" అని దండం పెట్టాను. ఒక గుర్రంవాడు గుర్రాన్ని ఆపి చూశాడు. గుర్రం కూడా చూసింది.

వెనక్కి వచ్చేసరికి టమాటా భజియాల బండాయన నన్ను జాలిగా చూస్తున్నాడు. "భాయ్, కోనీ సాథే ఝఘడో ఛే?" అన్నాడు. ఎవరితోనయ్యా తగువు అని.

"దరియా సాథే," అన్నాను. సముద్రంతో.

ఆయన నా ప్లేట్‌లో ఒక భజియా ఎక్కువ వేశాడు. ఉచితంగా ఇచ్చాడంటే నా ఆరోగ్యం గురించి ఒక నిర్ణయానికి వచ్చాడన్నమాట.

జయంతి రోజు వచ్చింది. నేను హాలుకు ముందుగానే వెళ్ళాను, కుట్ర ఆనవాళ్ళు ఏమైనా దొరుకుతాయేమోనని. దొరికాయి. మైకును స్టాండుకు కట్టేశారు. మామూలు కట్టు కాదు, ఎర్ర చీర అంచు పీలికతో, చుట్లమీద చుట్లు వేసి, నేతపనివాళ్ళు మాత్రమే వేయగల ముడి వేశారు. తెగుతుంది తప్ప ఊడదు.

సౌండు పెట్టెల దగ్గరున్న మనిషిని అడిగాను. "గిదేంది, కట్టేసిండ్రు?"

"కాక కట్టుమన్నడు."

"ఎందుకట?"

"నువ్వు పీక్కొని పోతవని."

పోయినేడాది నేను మైకు ఎత్తుకుపోయానా? లేదే. మైకు చేతిలో లేకపోతే మూతికి ఏది అడ్డం? వాళ్ళు నా ఒక్కగానొక్క ఆయుధాన్ని గుర్తుపట్టి మరీ కట్టేశారు. ఇంత పకడ్బందీగా ఎవరి పరువైనా తీయడం మా సంఘానికి కొత్త. మామూలుగా వాళ్ళకు కుర్చీలు తెప్పించడమే సమయానికి చేతకాదు.

కంగారులో కొత్తిమీర చల్లిన ఖమణ్, అదే శనగపిండి ఢోక్లా, ఒక ప్లేటు తిన్నాను. అది కూడా తర్వాత లెక్కలోకి వస్తుంది.

జనం నిండారు. ఆడవైపు అమ్మా, చెల్లె. చెల్లె ఫోన్ ఎత్తి పట్టుకుని సిద్ధంగా ఉంది, వార్తాహరులు ప్రమాద స్థలానికి ముందే చేరుకున్నట్టు. మగవైపు ముందు వరసలో మధ్యన ఎర్ర మఫ్లర్ చుట్టుకున్న ఒక పెద్దమనిషి. పోయినేడాది నా మూతిని అందరికన్నా శ్రద్ధగా చూసింది ఈయనే, నేను మర్చిపోలేదు. అదే వరస చివరన బాపు, ఇస్త్రీ చొక్కాలో.

నేను స్టేజీ ఎక్కాను. ట్యూబులైటు సరిగ్గా నా నెత్తిమీద. మైకు నా ఛాతీకి కొంచెం పైన ఆగిపోయి ఉంది. దాన్ని పైకి లేపబోయాను, కదల్లేదు. సరే, అది నా దగ్గరికి రాకపోతే నేనే దాని దగ్గరికి పోతానని నడుము వంచి, మూతి దాని వెనక దాచుకుని, "నమస్తే" అన్నాను.

ముందు వరస చూపులన్నీ ఒక్కసారిగా మైకు మీదికి తిరిగాయి.

సాధన చేసిన మొదటి జోకు మొదలుపెట్టాను. డుమస్‌లో ఇది బాగానే పోయింది, సముద్రం అభ్యంతరం చెప్పలేదు. ఇక్కడ మాత్రం స్పీకర్ గరగరమంది. వెనక వరసలో బ్యాంకాయన చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. ముందు వరసలో కదలిక లేదు. జోకు ముగిసింది. ముగిసిన సంగతి నాకు తప్ప ఎవరికీ తెలిసినట్టు లేదు.

అప్పుడు ఎర్ర మఫ్లర్ ఆయన చూపుడువేలు ఎత్తి తన మూతిని చూపించుకున్నాడు.

పక్కాయన కూడా చూపించుకున్నాడు. తర్వాత ఆ పక్కాయన. వరస మొత్తం, ఎవరి మూతిని వాళ్ళు, వేలితో.

కొత్తిమీర! పంటికి కొత్తిమీర అంటుకుంది, అదీ పన్ను మీద పన్నుకు. ఇంతమంది సాక్షులు. నేను చెయ్యి మూతికి అడ్డం పెట్టుకున్నాను. వరసలో ఒకరిద్దరు నెత్తి కొట్టుకున్నారు. నేను ఇంకా వంగాను. ఇంకాస్త వంగితే స్టాండుకు నమస్కారం చేస్తున్నట్టుండేది. గొంతు పోయినేడాది పోయిన దారిలోనే పోవడం మొదలుపెట్టింది, దారి దానికి అలవాటే కదా. అయిపోయింది, ఇదే నా స్వభావం అనుకున్నాను. మెట్లు ఎటున్నాయో చూసుకున్నాను.

మెట్ల వైపు చూస్తే బాపు కనబడ్డాడు. ఆయన మూతిని చూపించుకోవడం లేదు. రెండు వేళ్ళు తన గడ్డం కింద పెట్టుకుని మెల్లగా పైకెత్తాడు.

మళ్ళీ ఎత్తాడు.

నా గడ్డం నన్ను అడక్కుండానే లేచింది. దాని వెంట మెడ, మెడ వెంట నడుము. నిటారుగా నిలబడితే మైకు గడ్డం కిందికి దిగిపోయింది, వెలుతురు మొహం నిండా పడింది. మూతి, పన్ను, కొత్తిమీర, దాచుకోవడానికి ఇంక ఏమీ మిగల్లేదు. ముందు వరస మొత్తం కుర్చీల్లో వెనక్కి ఆనుకుంది, కరెంటు వచ్చిన ఇంట్లోలా. అప్పటికి నా బుర్రకెక్కింది. ఈ వరసలో కూర్చున్నవాళ్ళంతా బాపులే. ఒకే షెడ్ల చప్పుడు, ఒకే రకం చెవులు. ఏడాది కిందట నన్ను మింగేసిన ఆ చూపు, నేను రోజూ అన్నం తినేటప్పుడు ఎదురుగా చూసే చూపే. నేను దాన్ని హాల్లో గుర్తుపట్టలేదు, అంతే.

రాసుకున్న జోకులన్నీ సముద్రానికే వదిలేశాను. బాపుతో మాట్లాడినట్టే, మెల్లగా, నోరు నిండా తెరిచి, చేతులతో సహా అన్నాను.

"మా అమ్మ... మా బాపును తిట్టాలంటే... ముందుగాల లైటు ఏస్తది."

మగవైపు శబ్దం లేదు. కానీ ముందు వరస ఊగుతోంది. సాంచాల మధ్య బతికినవాళ్ళు గొంతుతో నవ్వరు, అక్కడ గొంతు ఎవరికి వినబడుతుంది? భుజాలతో నవ్వుతారు. మఫ్లర్ ఆయన తన తొడమీద ఒకటి చరుచుకుని, సరిపోక పక్కాయన తొడమీద ఇంకొకటి చరిచాడు. ఆడవైపు మాత్రం గొల్లుమంది. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు లైటు వేస్తున్నారన్నమాట. స్పీకర్ గరగరలో సగం పోగొట్టుకున్న వెనక వరసలు "ఏమన్నడు? ఏమన్నడు?" అని ముందు వరసల వీపులు తడుతున్నాయి. తట్టి లాభం లేదు, వాళ్ళకు వినబడదు.

"కరెంటు పోతే," అన్నాను, "బాపు బతికిపోతడు."

ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. బాపు ఊరికి ఫోన్ చేస్తే మధ్యలో ఫోన్ అక్కర్లేదని, ఆ గొంతు సిరిసిల్లకు నేరుగా పోతుందని చెప్పాను. మన గల్లీలో గుసగుసలాడితే పక్కనున్న పాండేసర దాకా వినబడుతుందని, అందుకే మనకు రహస్యాలు లేవని చెప్పాను. భయం పోయిందా అంటే పోలేదు. మోకాళ్ళు చివరిదాకా సాంచాల్లాగే ఆడాయి. కాకపోతే ఎవరూ మోకాళ్ళు చూడటం లేదు, అందరూ మూతే చూస్తున్నారు.

బాపు నవ్వాడా లేదా అని చూశాను. ఆయన ఆడవైపు చూస్తున్నాడు. అక్కడ అమ్మ లేచి నిలబడి, ట్యూబులైటు కింద, నోరు నిండా తెరిచి ఆయనకేదో చెబుతోంది. బాపు గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. తిట్లు వినకుండా ఉండటానికి ఆయనకున్న దారి అదొక్కటే. మూసిన కళ్ళ కింద భుజాలు ఊగుతూనే ఉన్నాయి.

కార్యక్రమం అయ్యాక భోజనాల దగ్గర మఫ్లర్ ఆయన ఎదురొచ్చి చేతులు జోడించాడు. ఇంక ఆగలేక ఎదురుగా నిలబడి అడిగేశాను.

"కాకా, పోయినేడు సంది అందరు నాకు దండమెందుకు పెడ్తున్నరు?"

"నువ్వు వెట్టినవ్ గద స్టేజీ మీద. ఎక్కంగ ఒకటి, దిగంగ ఒకటి. మేం మళ్ళ వెట్టొద్దా?"

"నేనేం మాట్లాడలే గద పోయినేడు!"

ఆయన నా మూతివంక అనుమానంగా చూశాడు. "మాట్లాడలేవా? మైకు అడ్డముండె, మాకు కనవడలే. మంచిగనే చెప్పి ఉంటవ్ అనుకున్నం. చప్పట్లు గూడ కొడ్తిమి."

ఏడాది పాటు మురికి కాలువ పక్కన నడిచినవాడికి ఈ మాట ఎలా ఉంటుందో రాయను. చెల్లె పక్కనుంచి వచ్చి ఫోన్ చూపించింది.

"అన్నా, వీడియో మస్త్ వచ్చింది. కొత్తిమీర గూడ సాఫ్ కనవడ్తుంది. షురూ నుంచి ఆఖర్ దాక."

ఇంక తేలాల్సింది ఒక్కటే. మళ్ళీ నన్నే ఎందుకు పిలిచారు? ఆ "అందుకే" ఏమిటి? ఆ కొలతలేమిటి? నాలో ఏదో ఉందని పెద్దాయన పోయినేడాదే కనిపెట్టి ఉంటాడని నాకు అప్పటికి కొంచెం కొంచెం అనిపిస్తోంది. చప్పట్ల తర్వాత మనిషికి అలాంటివి అనిపిస్తాయి. ఆయన కుర్చీలు సర్దిస్తున్నాడు. నేను దగ్గరికి పోయాను. అమ్మ కూడా వచ్చింది, కొంగు సర్దుకుని, ఉధనా పిల్ల సంగతి తేలుతుందని.

"కాకా, ఇంతమందిల నన్నే ఎందుకు పిలిచిండ్రు? నిజం చెప్పుండ్రి."

పెద్దాయన చేతిలోని కుర్చీ కింద పెట్టాడు.

"ఆ స్టాండు మర తుప్పు వట్టి బిగుసుకపోయింది బిడ్డా. మీదికి రాదు, కిందికి వోదు. పొట్టోళ్ళు నిలవడితే మైకు మూతికి అడ్డమొస్తది, ముంగటోళ్ళకు కనవడది. దానికి మించి పొడుగున్నది నువ్వొక్కనివే. పోయినేడు చేతుల వట్టుకొని మళ్ళ మూతికే అడ్డం వెడ్తివి. గందుకే కట్టేసినం."

అమ్మ పప్పు వడ్డించే దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ మర ఇంకా కదల్లేదు. మొన్న కిరోసిన్ పోసి చూశారట.